పొద్దున మొండికేసే కారును మధ్యాహ్నం చూపిస్తే రోగం దొరకదు

ప్రశ్న: నేను పాడేరులో టీచరుగా పనిచేస్తున్నాను. నా దగ్గర 2012 మోడల్ డీజిల్ కారు ఉంది, 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 1,72,000 కిలోమీటర్లు తిరిగింది. కార్తీక మాసం వచ్చినప్పటి నుంచి పొద్దున ఆరింటికి సెల్ఫ్ కొడితే నాలుగైదు సార్లకు గానీ అందుకోవడం లేదు. అందుకున్నాక ఒక నిమిషం పాటు గడగడలాడుతూ తెల్లపొగ వదులుతుంది. తర్వాత మామూలే. మధ్యాహ్నం అయితే తాళం తిప్పితే చాలు. దీనికి తోడు రెండు నెలలుగా ఘాట్‌లో పికప్ లేదు. ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపులు ఇప్పుడు రెండో గేరులో ఎక్కాల్సి వస్తోంది. చెక్ లైటు వెలగలేదు. స్కూలు సెలవు రోజున కిందికి తీసుకెళ్లి ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకరు డీజిల్ పంపు, ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్చాలి, 70 వేలు అవుతుందన్నారు. ఇంకొకరు ఇంజన్ బోరుకు వచ్చింది, అంటే లోపల సిలిండర్లు అరిగిపోయాయి అన్నారు. కారు అమ్మితే రెండు లక్షలు కూడా రావు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ఆ 70 వేలు ఇప్పుడే తీయకండి. కారు అమ్మే ఆలోచన కూడా కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నాకు మొదట కనిపించింది ఇంజన్ జబ్బు కాదు. ఆ ఇద్దరు మెకానిక్‌లూ మీ కారును వేడి మీద చూశారు. మీరు పాడేరులో బయల్దేరి, ఘాట్ దిగి, షెడ్డుకు చేరేసరికి ఇంజన్ పూర్తిగా కాగిపోయి ఉంటుంది. అప్పుడు తాళం తిప్పితే మీకు మధ్యాహ్నం అందుకున్నట్టే వాళ్లకూ టక్కున అందుకుంది. పొద్దున ఆరింటికి అది పడే అవస్థ వాళ్లు చూడనే లేదు. చూడనప్పుడు అలవాటు కొద్దీ చెబుతారు. పంపు పని ఎక్కువగా చేసేవాళ్లు పంపు అంటారు, ఇంజన్ విప్పే షెడ్డులో బోరు అంటారు.

అందుకని ఈసారి ముందు రోజు సాయంత్రమే కారు షెడ్డులో వదిలేయండి. రాత్రంతా అక్కడే ఉండాలి. "పొద్దున నేను వచ్చేదాకా ఎవరూ తాళం తిప్పొద్దు" అని గట్టిగా చెప్పండి. కింద ఊళ్లలో మీ దగ్గరున్నంత చలి ఉండదు కాబట్టి, వీలైతే పాడేరులోనే ఉన్న మెకానిక్‌ను పొద్దున్నే మీ ఇంటికి పిలవడం ఇంకా మంచిది. వచ్చినందుకు ఆయనకు ఓ ఐదొందలు ఇచ్చినా, మీకు మిగిలేదానితో పోలిస్తే అది లెక్కలోది కాదు.

అంతకన్నా ముందు మీరే చూడాల్సింది ఒకటుంది. తెల్లపొగ అందుకున్నాక వస్తుందని రాశారు. అందుకోకముందు, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు సైలెన్సర్ నుంచి ఏమైనా వస్తోందా? ఇది మీరు రాయలేదు. నాకు కావాల్సింది అదే. రేపు పొద్దున ఇంట్లో ఎవరినైనా కారు వెనక నిలబెట్టి, మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పటి నుంచి ఫోన్‌లో వీడియో తీయించండి.

ఎందుకో చెబుతాను. డీజిల్ ఇంజన్‌లో పెట్రోలు బండిలోలాగా నిప్పురవ్వ ఉండదు. గాలిని 17 రెట్లకు పైగా నొక్కేసరికి అది కాలిపోయేంత వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్ తుంపరగా పడి దానంతట అదే అంటుకుంటుంది. అంటే పొద్దున అందుకోవాలంటే మూడు కావాలి: సెల్ఫ్ తగినంత వేగంగా తిప్పాలి, లోపల తగినంత వేడి పుట్టాలి, తగినంత ఒత్తిడితో డీజిల్ పడాలి. సెల్ఫ్ తిరుగుతుండగానే తెల్లపొగ వస్తోందంటే డీజిల్ పడుతోంది, కానీ కాలడం లేదు. వేడి చాలడం లేదన్నమాట. పొగ అసలు రాకుండా ఊరికే తిరుగుతోందంటే డీజిలే చేరడం లేదు. ఈ రెండూ పూర్తిగా వేరు వేరు దారులు. దారి ఏదో తెలియకుండా సామాను మార్చడం చీకట్లో రాయి విసరడమే.

సెల్ఫ్ తిరుగుతుండగా పొగ వస్తోందనుకుందాం. అప్పుడు నా మొదటి అనుమానం హీటర్ ప్లగ్గుల మీదే. మీ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు, నాలుగు హీటర్ ప్లగ్గులు. తాళం ఆన్ చేయగానే అవి ఎర్రగా కాగి లోపల వేడి పుట్టిస్తాయి. అందుకున్నాక కూడా కొంతసేపు పనిచేసి ఇంజన్ నిలకడగా తిరిగేలా చూస్తాయి. నాలుగింటిలో రెండు మాడిపోతే ఏమవుతుంది? రెండు సిలిండర్లు ముందు అందుకుంటాయి. మిగతా రెండూ వాటి వెంట ఈడ్చుకుపోతూ కాలని డీజిల్‌ను తెల్లపొగగా బయటికి తోస్తాయి. ఓ నిమిషానికి అవీ వేడెక్కి దారిలో పడతాయి. మీరు రాసిన గడగడ ఇదే కావచ్చు. డ్యాష్‌బోర్డు మీద తీగచుట్టలాంటి పసుపు లైటు వెలిగి ఆరిందని ప్లగ్గులు బాగున్నాయనుకోకండి. చాలా బండ్లలో ప్లగ్గు మాడిపోయినా ఆ లైటు తన టైము ప్రకారం వెలిగి ఆరిపోతుంది.

పరీక్ష సులువు. ప్లగ్గు మీది వైరు తీసి, టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు పెట్టి, రెండో కొస ప్లగ్గు తలకు తాకించాలి. వెలిగితే లోపలి తీగ తెగలేదు, వెలగకపోతే ప్లగ్గు పోయింది. మల్టీమీటరుతో అయితే బాగున్న ప్లగ్గు ఒక ఓమ్‌కు అటూ ఇటూగా చూపిస్తుంది. ప్లగ్గులన్నీ బాగుంటే వాటికి కరెంటు వస్తోందా లేదా అనేది తర్వాతి ప్రశ్న. రిలే (ప్లగ్గులకు కరెంటు వదిలే స్విచ్చు), ఫ్యూజు చూడాలి. పోయిన ప్లగ్గు విప్పేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. ఇంత పాత బండిలో ప్లగ్గులు మసి పట్టి హెడ్డులో, అంటే ఇంజన్ పైభాగంలో, బిగుసుకుపోయి ఉంటాయి. ముందు రోజే తుప్పు వదిలించే నూనె వేసి నానబెట్టి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మెల్లగా, కొద్దిగా బిగిస్తూ కొద్దిగా వదులుతూ తీయాలి. బలవంతంగా తిప్పితే సగంలో విరుగుతుంది. అప్పుడు హెడ్డు దించాల్సి వస్తుంది. ఈ పని ఓపిక ఉన్న మెకానిక్ చేతే చేయించండి.

దీంతోపాటు బ్యాటరీని కూడా వదలకండి. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. రెండూ కలిసి సెల్ఫ్‌ను నెమ్మదింపజేస్తాయి. రాత్రంతా ఆగిన బ్యాటరీ పొద్దున 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పది వోల్టుల కన్నా బాగా కిందికి పడిపోతే బ్యాటరీనో, దాని ఎర్త్ వైరునో అనుమానించాలి. ఆయిల్ ఏ గ్రేడ్ పోశారో బిల్లు చూసి, మాన్యువల్‌లో ఉన్నదానితో సరిపోల్చండి.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: ఇంజన్ నీళ్ల వేడిని కొలిచే సెన్సరు. బయట ఎనిమిది డిగ్రీల చలి ఉండగా అది బండిలోని కంప్యూటరుకు "అరవై డిగ్రీలుంది" అని తప్పు చెబితే, కంప్యూటరు హీటర్ ప్లగ్గులను వెలిగించదు, డీజిల్ కూడా చలికి తగినట్టు వదలదు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున స్టార్ట్ చేయకముందే స్కానర్ (ఆ కంప్యూటరులోని అంకెలు చూపే పరికరం) పెట్టి చూస్తే, నీళ్ల వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు ఒకేలా ఉండాలి. మధ్యాహ్నం ఎంత పెద్ద స్కానర్ పెట్టినా ఈ తేడా బయటపడదు.

ఇప్పుడు రెండో దారి. సెల్ఫ్ తిరుగుతున్నా పొగ లేదు. ఇది అయితే నేను కొంచెం సంతోషిస్తాను. ఎందుకంటే మీ రెండు బాధలకూ, అంటే పొద్దుటి మొండితనానికీ ఘాట్‌లో పికప్ లేకపోవడానికీ, ఒకే కారణం దొరకొచ్చు. డీజిల్ ఫిల్టరు పూడుకుపోతే డీజిల్ సరిగా రాదు. ట్యాంకు నుంచి వచ్చే పైపులో ఎక్కడో గాలి దూరుతుంటే, రాత్రికి డీజిల్ వెనక్కి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ మళ్లీ మొదటి నుంచి లాక్కురావాలి. అదే బండి ఘాట్‌లో ఎక్కువ డీజిల్ అడిగినప్పుడు సరిపడా అందదు. చదును రోడ్డు మీద ఏ తేడా తెలియదు.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. మీ ఊళ్లో వీధులన్నీ ఎత్తుపల్లాలే కాబట్టి మీకు ఇది మరీ సులువు. ఒక రాత్రి కారు ముక్కు పల్లానికి ఉండేలా ఆపండి, ట్యాంకు ఇంజన్ కన్నా ఎత్తులో ఉండాలి. టైర్లకు రాళ్లు అడ్డం పెట్టడం మరవకండి. మర్నాటి రాత్రి ముక్కు ఎత్తుకు ఉండేలా ఆపండి. పల్లానికి ఆపిన రోజు ఠక్కున అందుకుని, ఎత్తుకు ఆపిన రోజు మొండికేస్తే పైపులో గాలి దూరుతున్నట్టే. రెండు రోజులూ ఒకేలా ఉంటే గాలి అనుమానం చాలావరకు పోతుంది. తర్వాత మెకానిక్ ఫిల్టరు నుంచి పంపుకు వెళ్లే పైపు మధ్యలో అద్దంలా కనిపించే చిన్న ప్లాస్టిక్ పైపు అతికించి చూస్తే బుడగలు కళ్లకు కనిపిస్తాయి. ఇది తక్కువ ఒత్తిడి ఉండే వైపు మాత్రమే చేయాలి.

కొన్నేళ్ల కిందట ఒకాయన నా దగ్గరికి సరిగ్గా మీ బాధతోనే వచ్చాడు. అప్పటికే వేరే చోట నాలుగు ఇంజెక్టర్లూ మార్పించుకున్నాడు. బంగారం కుదువ పెట్టి తెచ్చిన డబ్బు. అయినా పొద్దున అదే మొండితనం. బండిని రాత్రి నా దగ్గరే ఉంచి పొద్దున చూస్తే, డీజిల్ ఫిల్టరు మీద పైపు కలిసే చోట రబ్బరు రింగు ఎండి పగిలి ఉంది. చమురు బయటికి కారడం లేదు, గాలి మాత్రం లోపలికి పోతోంది. మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన ముఖం గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీకు ఇంత పొడుగ్గా రాయడానికి అదీ ఒక కారణమే.

ఫిల్టరు చివరిసారి ఎప్పుడు మార్చారో మీకు తెలుసా? సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి తెలియకపోవచ్చు. తెలియకపోతే పోయినట్టే లెక్క వేసుకుని మార్చేయండి. పాత ఫిల్టరును పారేయనివ్వకుండా, అందులోని డీజిల్‌ను ఒక గాజు సీసాలో పోయించి పది నిమిషాలు ఉంచి చూడండి. అడుగున నీళ్లు విడిగా కనిపిస్తే డీజిల్‌తో నీళ్లు వస్తున్నాయని అర్థం. ఏజెన్సీలో పెట్రోలు బంకు దూరమని క్యాన్లలో తెచ్చి అమ్మే డీజిల్ పోయించుకుంటుంటే ఇక మానేయండి. ఈ ఇంజన్ పంపుకు కందెన డీజిలే. నీళ్లు కలిస్తే పంపు లోపల గీతలు పడతాయి, అప్పుడు 70 వేల మాట నిజమవుతుంది.

గాలి లేదు, ఫిల్టరు కొత్తది, అయినా పొగ రాదంటే అప్పుడు ఇంజెక్టర్ల వంతు. అప్పుడు కూడా పరీక్ష చేశాకే. నాలుగు ఇంజెక్టర్ల నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే డీజిల్‌ను నాలుగు చిన్న సీసాల్లోకి పట్టి కొన్ని నిమిషాలు నడిపితే, ఏది అరిగిందో అది మిగతావాటి కన్నా బాగా ఎక్కువ కారుతుంది. ఒకటే కారుతుంటే ఒకటే చేయించుకోవచ్చు. నాలుగూ మార్చాలనే నియమం ఏమీ లేదు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు రైలులో, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో, ఒత్తిడి ఎంత వస్తోందో కూడా స్కానర్ చూపిస్తుంది. ఇలాంటి ఇంజన్లలో సుమారు 200 బార్ దాకా రాకపోతే కంప్యూటరు డీజిల్ చిమ్మనివ్వదు. ఇంజెక్టరు మార్చినా, రిపేరు చేయించినా, దాని మీద ఉండే కోడును స్కానర్‌తో కంప్యూటరుకు ఎక్కించారా అని అడగండి, కింద రాగి వాషరు కొత్తది వేశారా అని కూడా. ఈ రెండు ప్రశ్నలకు తడబడే చోట ఇంజెక్టర్ల పని చేయించకండి.

ఇక బోరు మాట. అది కంప్రెషన్ (సిలిండరులో నొక్కిన గాలి ఒత్తిడి) కొలవకుండా ఎవరూ చెప్పకూడని మాట. నాలుగు సిలిండర్లకూ గేజి పెట్టి కొలిచి, అంకెలు కాగితం మీద రాసి ఇవ్వమనండి. అంతకుముందు మీరు ఇంట్లో చూసుకోవచ్చు: ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత తెరిస్తే కొంచెం ఆవిరి రావడం మామూలే, గుప్పుగుప్పుమని పొగ కొడుతూ మూతను ఎగదోస్తుంటే మాత్రం పిస్టన్ రింగులు అరిగినట్టు అనుమానించాలి. ఆయిల్ తాగుతోందా, పొగలో నీలం రంగు ఉందా అనేది కూడా చూడండి. మీరు ఈ రెండూ రాయలేదు, కాబట్టి లేవనే అనుకుంటున్నాను. తెల్లపొగ కళ్లు మండేలా డీజిల్ వాసన వస్తే మనం ఇంతదాకా మాట్లాడుకున్నదే. తియ్యటి వాసన వస్తూ, రేడియేటర్ నీళ్లు తరుగుతుంటే మాత్రం అది హెడ్ గ్యాస్కెట్ (నీళ్లు సిలిండర్లలోకి పోకుండా హెడ్డు కింద ఉండే అట్ట) సంగతి. అప్పుడు బండి నడపకుండా ఆపేయండి.

ఘాట్‌లో పికప్ సంగతికి వస్తే, డీజిల్ వైపు అంతా సరిచేశాక కూడా బరువుగానే ఎక్కుతుంటే గాలి వైపు చూడాలి. పాడేరు ఎత్తుకు గాలి పలచబడుతుందనేది నిజమే, కానీ అదే బండి నిరుడు అదే మలుపు మూడో గేరులో ఎక్కింది కదా. ఎయిర్ ఫిల్టరు తీసి దులపండి, నల్లగా ఉంటే మార్చేయండి. గాలిని ఒత్తిడితో తోసే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే లావు రబ్బరు పైపులు చేత్తో తడిమి చూడండి. అతుకుల దగ్గర నూనె చెమ్మకు దుమ్ము పట్టి గీతలా ఉంటే అక్కడ గాలి పోతోంది. ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కగానే సుయ్‌మని శబ్దం, వెనక నల్లపొగ వస్తే దాదాపు ఖాయం. ఈజీఆర్ వాల్వు (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా ఇదే నల్లపొగ, ఇదే నీరసం. పైగా పొద్దున స్టార్టింగ్‌నూ చెడగొడుతుంది. దాన్ని విప్పి కడిగిస్తే చాలు, రేకు పెట్టి మూసేస్తామంటే వద్దనండి. చెక్ లైటు వెలగకపోయినా కంప్యూటరులో పాత కోడులు దాచుకుని ఉండొచ్చు, స్కానర్ పెట్టించినప్పుడు అవి ఫొటో తీసుకోండి, చెరిపించేయకముందే.

ఇంజన్‌కు సంబంధం లేని రెండు సంగతులు కూడా తేల్చుకోండి. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ రేసు పెరుగుతూ స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. బ్రేకు పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే, ఏదో ఒకటి మిగతావాటి కన్నా బాగా కాలుతుంటే బ్రేకు పట్టేసి ఉంది. రిమ్మును నేరుగా పట్టుకోకండి, దగ్గర పెడితేనే తెలుస్తుంది.

కొన్ని పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఇంజన్ గాలి పీల్చుకునే చోట స్టార్టింగ్ స్ప్రే కొట్టొద్దు. హీటర్ ప్లగ్గులు కాగి ఉన్న చోట అది పేలి పిస్టన్లను దెబ్బతీస్తుంది. చలికి డీజిల్‌లో కిరోసిన్ కలపొద్దు, పంపుకు కందెన పోతుంది. పాత లారీల్లో ఎయిర్ తీయడానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టేవారు, మీ ఇంజన్‌కు అది ప్రాణాంతకం. ఆ పైపుల్లో వెయ్యి బార్లకు పైగా ఒత్తిడి పోతుంది, సన్నటి తుంపర తగిలినా చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. మెకానిక్ అలా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. చలికి ఆయిల్ ట్యాంకు కింద మంట పెట్టే అలవాటు కూడా ఇంకా అక్కడక్కడా ఉంది, దాని జోలికి పోవద్దు. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో అర నిమిషం ఆగండి. తాళం ఆన్ చేసి చుట్ట లైటు ఆరాక, మళ్లీ ఆఫ్ చేసి ఇంకోసారి ఆన్ చేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టి చూడండి. రెండుసార్లు కాచినందుకు తేలిగ్గా అందుకుంటే అనుమానం మళ్లీ హీటర్ ప్లగ్గుల మీదికే పోతుంది.

విడిభాగాల గురించి భయపడకండి. 1,248 సీసీ ఉన్న ఈ ఫియాట్ డిజైన్ ఇంజన్ మన దేశంలో చాలా కంపెనీల కార్లలో వచ్చింది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసినా, రోడ్ల మీద ఇంకా లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. వీటిని బాగా ఎరిగిన మెకానిక్‌లు విశాఖలోనే కాదు, చోడవరం, నర్సీపట్నంలో కూడా దొరుకుతారు.

ధనుర్మాసం వచ్చిందంటే మీ దగ్గర చలి ఇంకా ముదురుతుంది. అందుకని ఈ వారంలోనే వీడియో తీయించి, రెండు రాత్రుల పల్లం పరీక్ష చేసి, ఫిల్టరు మార్పించి నాకు మళ్లీ రాయండి. సెల్ఫ్ తిరుగుతుండగా పొగ వచ్చిందా లేదా, పల్లానికి ఆపిన పొద్దున ఎన్నోసారికి అందుకుంది, సీసా అడుగున నీళ్లు కనిపించాయా, ఈ మూడూ చెబితే తర్వాత ఏం విప్పాలో, ఏం విప్పకూడదో నేను చెప్పగలను. బ్యాటరీ ఏ సంవత్సరంలో కొన్నారో కూడా రాయండి, దాని మీద స్టిక్కరు ఉంటుంది.